ఏటిగట్టు సంఘం గెలిచిన వైనం

గున్నయ్య గురువుగారు ఎవరి ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడి ముఖంలోకి కాసేపు చూసి, "నీకు తెలుసుకోవాలని ఉందా, నాచేత అవుననిపించుకోవాలని ఉందా?" అనేవారు. చాలామంది అక్కడితోనే దణ్ణం పెట్టి లేచిపోయేవారు.

ఆ ఏడు మండల ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. కూర్మారావు అనే శిష్యుడు ఆశ్రమానికి వచ్చాడు. పాలకేంద్రంలో పనిచేసేవాడు, నలుగురిలో మంచి పేరున్నవాడు. చెరకు రైతులు కొందరు కలిసి చిన్న పార్టీ ఒకటి పెట్టుకుని, అతణ్ణి నిలబడమని పట్టుబడుతున్నారు.

"గురువుగారూ, మాది పిడికెడు మంది పార్టీ. మండలం మా చేతికి రావాలంటే ఏం చెయ్యాలి? వస్తే మాత్రం, అది మేం గెలిచినట్టేనా?" అని అడిగాడు.

గురువుగారు ఈసారి తన మామూలు మాట అనలేదు. చాప మీద కూర్చోబెట్టి, ఏటి అవతలి మండలంలో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

ఆ మండలంలో సూరీడమ్మ అనే ఆవిడ బస్సులు ఆగే చోట ఇడ్లీలు వేసి అమ్ముకునేది. ఆమె ఉండే వీధి ఏటి ఒడ్డున ఆఖరి వీధి. ప్రతి వానాకాలం ఏరు గట్టును కోసుకుంటూ వీధి వైపు జరిగేది. రాళ్ళకట్ట వేయించమని ఊరంతా తిరగని గుమ్మం లేదు. మండల పరిషత్తు తీర్మానం చేసి పంపితే తప్ప పైవాళ్ళు కదలరు. పరిషత్తులో ఉన్న పెద్ద పార్టీలు రెండు, జనం పాత పార్టీ, కొత్త పార్టీ అనేవారు; రెండింటికీ ఆ ఊరు గుర్తుండేది ఓట్లప్పుడే.

చివరికి తిరుపతిరావు అనే ఆయన ఊళ్ళవాళ్ళని కూడగట్టి ఏటిగట్టు సంఘం అని పార్టీ పెట్టాడు. బియ్యం మిల్లులో గుమస్తాగా చేసి మానేసినవాడు, మాటకారి. సూరీడమ్మను అక్క వరసలో అప్పా అని పిలిచేవాడు. నిలబడమంటే ఆమె నిలబడింది. ఇడ్లీ తిన్న ప్రతివాడికీ ఆమె తెలుసు కాబట్టి గెలిచింది కూడా. తీరా లెక్క తేలేసరికి పాత పార్టీకీ కొత్త పార్టీకీ స్థానాలు సరిసమానంగా వచ్చాయి. సంఘానికి వచ్చినవి మూడు: సూరీడమ్మ, తిరుపతిరావు, ఇంకొకాయన. అధ్యక్ష పదవి ఆ విడత ఆడవాళ్ళది. సంఘం ముగ్గురిలో ఆడది సూరీడమ్మ ఒక్కతే.

ఫలితాలు వచ్చిన మర్నాడే తిరుపతిరావు సూరీడమ్మనీ ఆ మూడో ఆయన్నీ జీపులో ఎక్కించి, కొండల వైపు ఎవరిదో జీడితోటలోకి తీసుకుపోయాడు. ఫోన్లు తన సంచిలో వేసుకున్నాడు. సూరీడమ్మకు ఇంత తీరిగ్గా కూర్చోవడం పుట్టాక అదే మొదలు. వండి వడ్డించేవాళ్ళు వేరే ఉన్నారు. ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మనం ఎవలికి బయపడి దాక్కున్నాం తమ్ముడా?" అని అడిగింది.

"ఎవరికీ కాదప్పా. దొరికిపోయినదానికి విలువుండదు. అంతే."

ఆమెకు అర్థం కాలేదు. తిరుపతిరావు మాత్రం రోజూ తోట చివరకు పోయి, ఫోన్లో ఒకసారి పాత పార్టీవాళ్ళతో, ఒకసారి కొత్త పార్టీవాళ్ళతో మాట్లాడి వచ్చేవాడు.

అధ్యక్ష ఎన్నిక రోజున మండల కార్యాలయం హాల్లో అధికారి పేర్లు చెప్పమన్నాడు. పాత పార్టీ తరఫున ఒకాయన లేచి సూరీడమ్మ పేరు చెప్పాడు. ఏం తప్పు చేశానా అని ఆమె అనుకుంది. ఆ వెంటనే కొత్త పార్టీ తరఫున ఇంకొకాయన లేచి, "మేం బలపరుస్తున్నాం" అన్నాడు. రెండు పార్టీలవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తిరుపతిరావు పైకప్పు కేసి చూస్తున్నాడు. శత్రువుకు పోవడం కంటే మాకు రావడం నయం కదా, పేరు మాది, పెత్తనం మీది అని ఆయన ఇద్దరికీ విడివిడిగా మాటిచ్చాడు. ఇప్పుడు వెనక్కి తగ్గితే కుర్చీ ఎదుటివాడిది అవుతుందని ఇద్దరికీ భయం. చేతులన్నీ లేచాయి.

బయట డప్పులు మోగాయి. ఒక దండ ఇటు నుంచి, ఒక దండ అటు నుంచి వచ్చి పడ్డాయి. ఈ చెవిలో పాత పార్టీ పెద్ద, "గుర్తుంది కదమ్మా" అన్నాడు. ఆ చెవిలో కొత్త పార్టీ పెద్ద అదే మాట అన్నాడు. ఆమెకు ఆ గుర్తుండాల్సింది ఏమిటో తెలియలేదు కాబట్టి ఇద్దరికీ తలూపింది.

కట్ట మాట మొదటి సమావేశంలోనే వచ్చింది. పాత పార్టీవాళ్ళు ఎగువ ఊళ్ళ నుంచి మొదలుపెట్టాలన్నారు. కొత్త పార్టీవాళ్ళు దిగువ నుంచి అన్నారు. ఏరు కోస్తున్నది నడుమ. సూరీడమ్మ తిరుపతిరావు వైపు చూసింది. "వాయిదా వెయ్యప్పా. ఒకరికి ఔనంటే రెండోవాడు నిన్ను దించేస్తాడు" అని గొణిగాడు. వాయిదా వేసింది. తరవాతి సమావేశంలోనూ అంతే అయింది. ఆ తరవాతా అంతే. అందరూ ఆమెను మేడమ్ అంటున్నారు, లేచి నిలబడుతున్నారు, ఆమె ఏమీ చెయ్యకపోతే మెచ్చుకుంటున్నారు. ఇదెక్కడి కొలువురా భగవంతుడా అనుకుంది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చాయి. పట్టపగలు, అందరూ చూస్తుండగా, సూరీడమ్మ తోడికోడలు రాములమ్మ ఇల్లు పెరటి గోడతో మొదలై గుమ్మం దాకా ఏట్లోకి జారిపోయింది. మనుషులు బయటపడ్డారు. రాములమ్మ తడిసిన కోడిపెట్టను చంకన పెట్టుకుని నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు.

"సూరీడూ, మన పార్టీయే గదా గెలిసింది? మరి ఏరుకి సెప్పలేదేటి?" అంది.

మర్నాడు సూరీడమ్మ తిరుపతిరావుకు చెప్పకుండా మండల అధికారి దగ్గరకు పోయింది. "బాబూ, నన్ను వీళ్ళు దించీగలరా?" అని అడిగింది.

"ఇప్పట్లో కుదరదమ్మా. అవిశ్వాసం పెట్టడానికి చట్టం కొన్నేళ్ళు గడువు పెట్టింది."

"ఈ సంగతి తిరుపతిరావుకి తెల్దా?"

అధికారి కాగితాల్లో తల దూర్చాడు.

వచ్చే సమావేశానికి ఆమె తన వీధివాళ్ళందరినీ వెంటబెట్టుకు వచ్చింది. "మీరేటీ అనొద్దు. కిటికీల కాడ నిలబడండి, సాలు" అని చెప్పింది. లోపలికి పోయి, కుర్చీలో కూర్చోకుండా, దాని వీపు పట్టుకుని నిలబడింది.

"తిరుపతిరావు మీకేం మాటిచ్చాడో నాకు తెల్దు. నానైతే ఎవలికీ ఇవ్వలేదు. కట్ట నడుమనించి మొదలవ్వాల. ఒప్పుకున్నోలు సెయ్యెత్తండి" అంది.

ఎవరూ ఎత్తలేదు. ముందు ఎత్తి లోకువైపోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళ ఎదుట ఎత్తకుండా మిగిలిపోవడమూ ఇష్టం లేదు. ఉక్క పోస్తోంది. పాత పార్టీ పెద్ద చెమట తుడుచుకోవడానికి భుజం మీది తువ్వాలు కోసం చెయ్యి పైకి పెట్టాడు. వాళ్ళు ఎత్తేశారనుకుని కొత్త పార్టీవాళ్ళు గబగబా ఎత్తారు. మంచిపేరు వాళ్ళకే పోతోందని పాత పార్టీవాళ్ళూ ఎత్తారు. తువ్వాలు పెద్దమనిషి పెట్టిన చెయ్యి దించలేక అలాగే ఉండిపోయాడు. తిరుపతిరావు అందరికంటే ఆఖరున ఎత్తి, "నేను మొదటినుంచీ ఇదే చెబుతున్నాను" అన్నాడు.

తీర్మానం వెళ్ళింది. మరుసటి వేసవిలో రాళ్ళు దిగాయి. రాములమ్మ ఇల్లున్న చోటు అప్పటికే ఏటి నడుమ ఉంది. మిగతా వీధి నిలిచింది. పదవీకాలం ముగిశాక సూరీడమ్మ మళ్ళీ ఇడ్లీల పొయ్యి దగ్గరకే పోయింది. మళ్ళీ నిలబడమని మూడు పార్టీలవాళ్ళూ వచ్చి అడిగారు. నిలబడలేదు.

ఇంతవరకు చెప్పి గురువుగారు మంచినీళ్ళు తాగారు.

కూర్మారావు చాప అంచు పీకుతూ, "సంఘం గెలిచింది కుర్చీ వచ్చిన రోజునా, చేతులు లేచిన రోజునా? అసలు గెలిపించింది ఎవరు? ఆవిణ్ణి మీరు అడగలేదా?" అన్నాడు.

"అడిగాను. 'ఏటో గురువుగారూ, నాకిప్పటికీ తెల్దు' అంది."

"నాకూ ఏమీ బోధపడలేదు గురువుగారూ" అన్నాడు కూర్మారావు, తల వంచుకుని.

"అయితే వెళ్ళి నామినేషన్ వేసుకో నాయనా. బోధపడిందంటే వద్దనేవాణ్ణి" అన్నారు గురువుగారు.