పది గంటలకు ముందు

కాత్యాయని టేపు రెండోసారి వెనక్కి వచ్చింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు కోపం వచ్చింది. ఈసారి నవ్వొచ్చింది. అది ఇంకా ప్రమాదం. యూనివర్సిటీ డిబేట్లలో ఆమె అలా నవ్విందంటే అవతలి పక్షంవాళ్లు మంచినీళ్ల గ్లాసు వెతుక్కునేవారు.

"చూడండి ఆపా వీళ్ల తెలివి," అంటూ టేపుతో పాటు చానెల్ వాళ్లు పంపిన చీటీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

అందరూ అక్కలా ఆపా అని పిలిచే నఫీసా ఎడిటింగ్ గది కృష్ణానగర్‌లో ఒక పిండిమర పైన. టీవీ స్టేషన్ టేపుల గదిలో పనిచేస్తూ తల నెరిసిన మనిషి. రిటైరయ్యాక ఇక్కడ సొంతంగా పెట్టుకుంది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఆమె పాఠం చెప్పడం ఎవరూ చూడలేదు. పని ఇస్తుంది, టీ ఇస్తుంది, అంతే.

చీటీలో ఇలా ఉంది: 'మొదట్లో ఎవరో ఏదో వచ్చిందని అరుస్తున్నారు. ఏం వచ్చిందో తెలియడం లేదు.'

ఆపా చదివి పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందని కాత్యాయనికి తెలిసింది.

"వంజరం వచ్చింది ఆపా. చెవులున్నవాళ్లకి ఎవరికైనా వినిపిస్తుంది."

అది ఆమె మొదటి సినిమా. విశాఖపట్నం హార్బర్‌లో చేపల వేలం పాడే పైడమ్మ మీద అరగంట. పేర్లు లేవు, సంగీతం లేదు. తెర వెలగ్గానే పైడమ్మ కేక: "వంజరం వచ్చిందోయ్." ఆ కేక కోసమే ఈ సినిమా తీశానని కాత్యాయని అందరికీ చెప్పేది.

ప్రసారం ఆదివారం పొద్దున. మళ్లీ తిప్పి పంపాల్సి వస్తే ఆ అరగంట ఇంకొకరికి ఇచ్చేస్తామని చానెల్ వాళ్లు ఫోన్‌లో చెప్పేశారు. అక్కడేమో పైడమ్మ హార్బరంతా టముకు వేసేసింది. ఐసు గోడౌన్‌లో టీవీ పెట్టిస్తున్నారట. బోట్లు కూడా ఆ పొద్దుటికి ఒడ్డునే ఉంటాయట.

"మొదటిసారి ఎందుకు పంపిన్రు వాపస్?" అంది ఆపా.

"సినిమా టేపు మీద ఎక్కడ మొదలవుతుందో కాగితంలో రాయమన్నారు. సున్నా దగ్గర అని రాశాను. కాదు, పది గంటల దగ్గర మొదలవ్వాలన్నారు."

టేపుతో పాటు ఒక గడియారం నడుస్తుంది. చూసేవాళ్లకు కనిపించదు, మెషిన్లకు కనిపిస్తుంది. అది సరిగ్గా పది కొట్టేసరికి సినిమా మొదలవ్వాలని చానెల్ వాళ్ల నియమం.

"అరగంట సినిమాకి పది గంటలేంటి ఆపా? సరే, వాళ్ల ముచ్చట ఎందుకు కాదనాలని టేపు మొదట్లోనే గడియారాన్ని పదికి తిప్పి, సినిమా అక్కడ పెట్టాను. కాగితం మీద పది. టేపు మీద పది. సాక్షులిద్దరూ ఒకే మాట చెప్తుంటే ఇంకా కేసేంటి?"

"పదికి ముందర ఏం పెట్టినవ్?"

"పదికి ముందర ఏముంటుంది? సినిమానే పదికి మొదలు కదా."

ఆపా చీటీ తిరిగి బల్ల మీద పెట్టింది. కాత్యాయనే అందుకుంది.

"రంగుల పట్టీలు, వాటితో పాటు మెషిన్ పెట్టే కూత, పేరు రాసిన పలక, తర్వాత కాసేపు చీకటి. అవే కదా మీరనేది? కాగితంలో ఉన్నాయి, చూశాను. ఏదో ఆనవాయితీలే అని వదిలేశాను. అవి ప్రసారం కావు. ఎవరూ చూడరు. ఎవరూ చూడనిదాన్ని మోసుకుపోవడం ఎందుకు? నా సినిమా చూసేవాణ్ణి మొదటి క్షణంలోనే చొక్కా పట్టుకుని లాగాలి."

కింద పిండిమర ఆగి ఉంది. గదిలో ఆమె గొంతు ఆమెకే పెద్దగా వినిపించింది. కొంచెం తగ్గింది.

"వాదన కాదు ఆపా, నిజంగానే అడుగుతున్నాను. పదే ఎందుకు? సున్నా ఏం పాపం చేసింది?"

"చాయ్ పెడతా," అని ఆపా లేచి వెనక వంటగదిలోకి వెళ్లింది.

అంతలో పిండిమర మొదలైంది. నేల సన్నగా అదరసాగింది. కాత్యాయని చీటీని మళ్లీ చదువుతూ కూర్చుంది.

వంటగదిలోంచి ఆపా ఏదో అంది. "...తక్కువ వెయ్యాల్నా?" అన్నంతే వినిపించింది.

"ఏంటాపా?"

జవాబు లేదు. కాత్యాయని తల దించుకుంది. మళ్లీ గొంతు. "...ఎక్కడ పెట్టినవ్?"

"ఏది?"

ఇంకాసేపటికి, "...పైకి రమ్మను."

"ఎవర్ని?"

పిండిమర తప్ప ఏమీ పలకలేదు. కాత్యాయని విసుగ్గా లేచి వంటగది గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"ముందు పేరు పెట్టి పిలిచి తర్వాత అడగొచ్చు కదా ఆపా. నేను ఇటు తిరిగేలోపే మీ మాట అయిపోతోంది."

ఆపా టీ వడకట్టి గ్లాసు ఆమె చేతిలో పెట్టింది.

"అట్లనా బేటా," అంది.

కాత్యాయని గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. టీ మీద మీగడ కట్టేదాకా తాగలేదు.

తర్వాత వచ్చి, వెనక్కొచ్చిన టేపుని మెషిన్‌లో పెట్టింది. ఇన్నాళ్లూ కంప్యూటర్ మీదే చూసుకుంది. టేపుని టేపుగా చూడటం ఇదే మొదటిసారి. మెషిన్ గురగురలాడింది. బొమ్మ వణికింది, చిరిగింది, మెల్లగా నిలబడింది. అప్పటికి పైడమ్మ నోరు సగం తెరిచే ఉంది. "...చ్చిందోయ్."

ఇంకొంచెం వెనక్కి తిప్పబోయింది. టేపు అయిపోయి మెషిన్ టక్కుమని ఆగింది. వెనక అడుగు పెట్టే చోటు లేదు.

కాత్యాయని అటకమీంచి హార్బర్‌లో తీసిన టేపుల డబ్బా దించింది.

పైడమ్మ కేక వేసిన చోటు కాదు, దానికి ముందు వెతికింది. కెమెరా నడుస్తూనే ఉంది. పైడమ్మ తడి తట్ట దించింది. చెంగు నడుముకి చుట్టుకుంది. తట్ట అంచు మీద అరచేత్తో గట్టిగా చరిచింది. ఆగింది. చేపల వైపు చూడలేదు, కొనేవాళ్ల వైపు చూసింది. ఒకడు టీ తాగుతున్నాడు, ఇద్దరు ఎవరినో తిట్టుకుంటున్నారు. ఒక తల తిరిగింది. ఇంకొకటి. టీ తాగేవాడు గ్లాసు కింద పెట్టాడు. అప్పుడు కేక వేసింది.

ఎడిటింగ్ మొదలుపెట్టిన రోజే కాత్యాయని ఇదంతా చెత్త కింద తీసి పారేసింది.

ఇప్పుడు తిరిగి పెడితే సినిమా అరగంట దాటుతుంది. ఎక్కడో ఒకచోట కోయాలి. చివర్లో తన గొంతుతో చెప్పుకున్న మాటలున్నాయి, డిబేట్‌లో ఆఖరి దెబ్బలాంటివి. వాటిని ఎన్నిసార్లు రాసి ఎన్నిసార్లు చదివిందో. వాటి మీద కర్సర్ పెట్టి, ఆ మాటలన్నీ తీసేసింది.

కొత్త టేపు వేసింది. రంగుల పట్టీలు పెట్టింది, వాటితో కూత పెట్టింది, పేరున్న పలక, ఆ తర్వాత చీకటి. కాగితం నింపుతూ టేపు గడియారం వైపు చూసింది. రంగుల పట్టీల దగ్గర ఇంకా పదికి రెండు నిమిషాలు తక్కువ. సున్నా దగ్గర సినిమా మొదలై ఉంటే, దానికి ముందుండే వీటి పక్కన ఏ అంకె రాసేదాన్నో అనుకుంది. పది కొట్టేసరికి పైడమ్మ తట్ట దించింది.

ఆపా మొదటినుంచి చివరిదాకా మెషిన్ మీద చూసింది. టేపు బయటికి తీసి, దాని మీద ఇంకెవరూ రికార్డు చెయ్యకుండా చిన్న ఎర్ర మీటని బొటనవేలితో లోపలికి నొక్కింది.

ఆదివారం పొద్దున ప్రసారం అయిపోగానే ఐసు గోడౌన్ నుంచి ఫోన్ వచ్చింది. వెనక సంతలో ఉన్నంత గోల.

"ఓలమ్మా," అంది పైడమ్మ. "టీవీ ఎట్టీసినారు గానీ ఒక్కడూ సూడ్డం లేదు. ఒకటే కబుర్లు. నాను తట్ట మీద సరిసినాను సూడు, ఆ సప్పుడికి అందరూ ఇటేపు తిరిగిపోనారు. ఆల్లు తిరిగిందాకా టీవీలో నాను ఆగినాను కదమ్మా. అప్పుడు అరిసినాను."

కాత్యాయని ఫోన్ పెట్టేసింది. కింద పిండిమర ఆడుతోంది. ఆపా అటు తిరిగి గ్లాసులు కడుగుతోంది. కాత్యాయనికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, అన్నీ ఒకేసారి నోటిదాకా వచ్చాయి.

"ఆపా," అంది.

ఆపా చేతులు తుడుచుకుని, గ్లాసు బోర్లించి, ఇటు తిరిగింది.

అప్పటిదాకా కాత్యాయని రెండో మాట మాట్లాడలేదు.