ఖాళీ గ్యాలరీకి చెప్పిన జోకు

జనం నవ్వరేమోనన్న భయం నీలవేణికి పట్టుకుంది. కామెడీ తీసి బతికే మనిషికి ఇంతకన్నా పెద్ద రోగం ఉండదు.

ఆమె తీస్తున్నది ఓటీటీలో రావలసిన హాస్య ధారావాహిక. కొత్తగా రిటైరైన భర్త, అతన్ని రోజంతా ఇంట్లో భరించాల్సొచ్చిన భార్య, అదీ కథ. హైదరాబాదు శివార్లలో ఒక స్టూడియోలో మూడు గోడల హాలు సెట్టు వేశారు. నాలుగో గోడ ఉండాల్సిన చోట నాలుగు కెమెరాలు, వాటి వెనక మెట్లు మెట్లుగా గ్యాలరీ. ఇలాంటి షోలు నాటకంలాగా జనం ముందు ఆడాలి. వాళ్ళు నవ్వితే ఆ నవ్వు కూడా రికార్డవ్వాలి. గ్యాలరీ కట్టింది అందుకే.

కానీ షూటింగు మొదలవ్వకముందే నీలవేణి ఆ సీట్లన్నిటి మీదా ప్లాస్టిక్ పట్టాలు కప్పించేసింది. జనం వస్తే ఫోన్లు మోగుతాయి, పిల్లలు ఏడుస్తారు అని షో తీయిస్తున్న ఓటీటీ కంపెనీవాళ్ళకి చెప్పింది. నిజం అది కాదు. ఒకరోజు రిహార్సల్‌కి యూనిట్‌వాళ్ళ చుట్టాలు కొందరు వచ్చి కూర్చుంటే, మొదటి రెండు జోకులకి ఎవరూ నవ్వలేదు. ఆ కాసేపట్లో ఆమె అరచేతులు చల్లబడిపోయాయి. మళ్ళీ జన్మలో అలాంటి నిశ్శబ్దం వినకూడదనుకుంది.

అప్పట్నించీ నవ్వులన్నీ సౌండు ఇంజనీరు కంప్యూటర్లోంచే వస్తున్నాయి. జోకు పడగానే నీలవేణి కెమెరా కింద నుంచి వేళ్ళు ఎత్తేది. ఒక వేలంటే చిన్న నవ్వు. మూడు వేళ్ళంటే పగలబడి నవ్వడం. ఆమె చెయ్యి దించేదాకా నటులు బిగుసుకుని నిలబడేవాళ్ళు, అసలు రాని నవ్వు ఆగటం కోసం. తర్వాత ఎడిటింగులో ఆ ఖాళీలన్నీ కంప్యూటరు నవ్వులతో నింపేవారు.

ఓటీటీలకి తీసే ఇలాంటి షోలు సగం చప్పగా ఉంటున్నాయని చూసేవాళ్ళు అంటూనే ఉన్నారు. నీలవేణిది కూడా అందులో చేరింది. మొదటి ఎపిసోడ్ చూసి కంపెనీవాళ్ళు ఒక్క ముక్కే అన్నారు.

"నవ్వు వినిపిస్తోంది. మాకు రావట్లేదు."

శుక్రవారం దాన్నే మళ్ళీ తియ్యమన్నారు. తామే వచ్చి చూస్తామన్నారు. అదీ బాగోకపోతే షో ఆపేసి సెట్టు పీకించేస్తారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమెకి తిండి సహించలేదు. స్క్రిప్టు చదువుతుంటే ఏది జోకో, ఏది మామూలు మాటో తనకే తెలియకుండా పోయింది. ఆ సంగతి ఎవరితో చెప్పుకుంటుంది? యూనిట్టంతా ఆమె మొహం చూసే ధైర్యంగా ఉంది.

ఆఖరికి తెనాలికి ఫోను చేసింది. సాంబమూర్తి మాస్టారు కాలేజీ రోజుల్లో ఆమెకి నాటకం నేర్పిన గురువు. పరిషత్తు నాటికల్లో జనాన్ని కడుపుబ్బ నవ్వించినాయన. గుండెకి ఆపరేషనైన దగ్గర్నుంచి ఊరు కదలటం లేదు. అలాంటి మనిషి, "భయంగా ఉంది మాస్టారూ" అన్న ఒక్క మాటకి రైలెక్కి వచ్చేశారు.

బుధవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, ఆయన్ని మానిటరు ముందు కూర్చోబెట్టి ఎపిసోడంతా చూపించింది. ఆడినంతసేపూ ఆమె తెర చూడలేదు, ఆయన మొహమే చూసింది. ఒక్కసారన్నా ఆయన పెదవి కదల్లేదు.

"ఎక్కడ తప్పుందో చెప్పండి మాస్టారూ. డైలాగులా? యాక్టర్లా? ఏది మార్చమంటే అది మార్చేస్తాను."

"ఆ పైన కూర్చోవచ్చా?" అన్నారాయన గ్యాలరీ వైపు చూస్తూ.

"అక్కడంతా దుమ్మండీ."

ఆయన వినిపించుకోలేదు. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ, ఒక్కో మెట్టూ ఎక్కి ఆఖరి వరస దాకా పోయారు. ప్లాస్టిక్ పట్టా లాగిన చప్పుడైంది.

"నువ్వెళ్ళి ఆ సోఫాలో కూర్చోమ్మా. భార్య అంటుందే, రిటైర్మెంటు మాట. అది అను."

"నేనా?"

"రాసింది నువ్వేగా."

ఆమె సెట్టు లైట్లు వేసి వెళ్ళి కూర్చుంది. లైట్లు కళ్ళల్లో కొడుతుంటే ఎదురుగా అంతా చీకటి గుయ్యారం. కెమెరాల ఆకారాలు తప్ప ఇంకేమీ కనబడలేదు. గొంతు సవరించుకుని అంది:

"మీరు రిటైరయ్యారు సరేనండీ, మరి నా రిటైర్మెంటు ఎప్పుడు?"

అలవాటు కొద్దీ లోపల లెక్క పెట్టుకుంది. అది రెండు వేళ్ళ నవ్వు. లెక్క అయిపోయింది. పైనుంచి ఏమీ రాలేదు.

ఇంకోసారి అంది, కాస్త గట్టిగా, చెయ్యి తిప్పుతూ. ఏమీ లేదు. మూడోసారి మాట సగంలోనే ఆపేసింది. నవ్వకపోతే పోనీ, బాగోలేదని ఒక తిట్టు తిట్టొచ్చుగా! ఒక దగ్గు, ఒక నిట్టూర్పు, కుర్చీ కిర్రుమనటం, ఏదైనా సరే. చెవులు రిక్కించి విన్నది. తన ఊపిరే తనకి వినపడింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆయన మెట్లెక్కుతూ పడ్డ ఆయాసం. ఒళ్ళు జల్లుమంది.

"మాస్టారూ?"

జవాబు లేదు.

"మాస్టారూ, ఉన్నారా? మిమ్మల్నేనండీ! వినపడుతోందా?"

లేచి పరుగు తీసింది. కేబులు తట్టుకుని పడబోయి, కెమెరా పట్టుకుని నిలదొక్కుకుంది. గుండె జబ్బు మనిషిని తన గోల కోసం ఇంత దూరం లాక్కొచ్చానే అని ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన్ని పిలుచుకుంటూనే మెట్లన్నీ ఎక్కి ఆఖరి వరసకి చేరింది.

ఆయన నిటారుగా కూర్చుని ఉన్నారు. కళ్ళు ఆమె మీదే ఉన్నాయి.

నీలవేణి అక్కడే మెట్టు మీద కూలబడింది. "పలకొచ్చు కదండీ! నా పై ప్రాణాలు పైనే పోయాయి."

"ఉన్నారా అని నన్నడిగావు. ఇక్కడ దాకా వినపడింది." ఆయన కండువాతో చేతి దుమ్ము దులుపుకున్నారు. "అంతకుముందు ఏదో అన్నావే, అది ఎవరితో అమ్మా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. కింద సెట్టు వెలుగులో సోఫా, గుమ్మం, గోడకున్న ఫోటోలు కనబడుతున్నాయి. అవన్నీ దగ్గరుండి కట్టించింది తనే. ఈ సీట్లలో ఒక్కసారైనా కూర్చుని వాటిని చూడలేదు.

"భయం పోలేదు మాస్టారూ," అంది.

"నాకూ పోలేదమ్మా. తెర లేచిన ప్రతిసారీ భయమే." ఆయన చెయ్యి చాచారు. "పట్టుకో, దిగుతాను."

భోజనం చేసి వచ్చిన ప్రొడక్షన్ మేనేజరు గౌస్‌తో ఆమె మొదట అన్న మాట, సీట్ల మీద పట్టాలన్నీ తీయించమని. శుక్రవారం జనాన్ని పిలవమని. గౌస్ మొహం పాలిపోయింది.

"గంత రిస్కెందుకు మేడమ్? కంపెనీవాళ్ళు గూడ వస్తరు. పబ్లిక్ నవ్వకపోతే ఎట్ల?"

"తెలుస్తుంది కదండీ," అంది నీలవేణి.

మాస్టారు మర్నాడే తెనాలి బయల్దేరారు. శుక్రవారం దాకా ఉండమని బతిమాలితే, "నేనుంటే నా వంకే చూస్తావు" అన్నారు.

శుక్రవారం గ్యాలరీ నిండింది. కంపెనీవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. భార్య వేషం వేసిన కస్తూరి వచ్చి, ఆ రిటైర్మెంటు మాట అంది.

ఒక్కరూ నవ్వలేదు.

అదే నిశ్శబ్దం. నీలవేణి అరచేతులు చల్లబడ్డాయి. కస్తూరి అలవాటుగా వేళ్ళ కోసం కెమెరా కిందకి చూసింది. నీలవేణి చెయ్యి లేవబోయి ఆగింది. ముందు వరసలో కంపెనీ ఆవిడ ఫోను తీసి ఏదో టైపు చేసుకుంటోంది. ఇక అయిపోయింది, సెట్టు పీకేస్తారు అనుకుంది నీలవేణి.

కెమెరాలు ఆపి, గ్యాలరీ లైట్లు వెయ్యమంది. లైట్ల ముందుకి వచ్చి, సెట్టుకి వీపు తిప్పి, మొదటిసారి జనం వైపు తిరిగింది. మూడో వరసలో ఒక పెద్దావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని తననే చూస్తోంది.

"అమ్మా, మీ ఇంట్లో ఆయన రిటైరయ్యారా?" అని అడిగి, ఆవిడ చెప్పేదాకా ఆగింది.