కత్తిరించి ఇచ్చిన మాత్రలు

ఉదయం ఆరు గంటలు, మంచు దట్టంగా పట్టింది. వాగొడ్డుపాలెంలో కోటేశ్వరమ్మ అనే ఆవిడ ఉండేది. ఎవరు నొప్పి అన్నా తన మాత్ర తీసి చేతిలో పెట్టేదాకా ఊరుకునేది కాదు.

నెల కిందట ఆవిడ భుజానికి ఆపరేషన్ అయింది. డాక్టరు నొప్పికి మాత్రలు రాసి, "ఇందులో రెండు మందులు కలిసి ఉంటాయమ్మా. ఒకటి జ్వరం బిళ్లలో ఉండేదే. అందుకని దీంతోపాటు జ్వరం బిళ్ల వేసుకోవద్దు. రెండోది మత్తు తెస్తుంది. బండి నడపకూడదు. ఇంకెవరికీ ఇవ్వకూడదు" అన్నాడు.

"నాకు సైకిలే రాదు, ఇంక బండా డాక్టరుగారూ" అని నవ్వేసి వచ్చింది.

ఆ ఉదయం మరిది ఏడుకొండలు ఆవిడ గుమ్మం ముందు ఆటో ఆపాడు. రోజూ మిరపకోతకు కూలీలను తీసుకెళ్లేది అతనే. ఆవిడ కూతురు సునందతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్లు ఎక్కి కూర్చున్నారు.

"నడుం పట్టేసింది వదినా. రాత్రి నుంచి జ్వరం బిళ్లలు మింగుతూనే ఉన్నా" అన్నాడు.

"వాటికి నడుం నొప్పేం పోతుందయ్యా. ఉండు."

ఆవిడ కత్తెరతో షీటు కత్తిరించి రెండు మాత్రలు ఇచ్చింది. మందు పేరు, డాక్టరు చెప్పనిదే వాడొద్దనే ఎర్రగీత, హెచ్చరిక ఉన్న ముక్క ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

"ఒకటి చాలు, ఏడుకొండలూ."

"ఒకటి నీ నడుముకి. నాది దున్నపోతు నడుం" అంటూ రెండూ టీతో మింగేశాడు.

"మా నడుములకేవీ అక్కా?" అని ఆటోలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఏడున్నరకు సునంద ఫోన్ చేసింది. "అమ్మా, బాబాయి నడుపుతూనే తల వాల్చేశాడు. ఆటో కాలువలో పడింది. మాకు ఇక్కడి ఆసుపత్రిలోనే కట్లు కట్టి పంపుతామన్నారు. బాబాయే లేవట్లేదు. పట్నం తీసుకెళ్లారు."

కోటేశ్వరమ్మ పట్నం ఆసుపత్రికి వెళ్లేసరికి డాక్టరమ్మ చేతిలో ఖాళీ షీటు ముక్క ఉంది. ఏడుకొండలు జేబులో దొరికిందట. దాని మీద ఒక్క అక్షరం లేదు.

"ఏం మందు వేసుకున్నాడో మీకెవరికైనా తెలుసా?"

పక్కనే మరిది భార్య పద్మావతి నిలబడి ఉంది. చెబితే దీని ముఖం ఇంక చూడగలనా అనుకుంది కోటేశ్వరమ్మ. లోపలి నుంచి అతని ఊపిరి వినిపిస్తోంది. ఆగి ఆగి వస్తోంది.

ఆవిడ సంచిలోంచి మిగిలిన షీటు తీసి బల్ల మీద పెట్టింది. రెండు ముక్కలూ అతికినట్టు సరిపోయాయి.

"నేనే ఇచ్చాను. రెండూ ఒకేసారి వేసుకున్నాడు. రాత్రి నుంచి జ్వరం బిళ్లలు కూడా."

"ఇప్పుడైనా చెప్పారు" అని డాక్టరమ్మ గబగబా లోపలికి వెళ్లింది. పద్మావతి తల తిప్పుకుంది.

సాయంత్రానికీ ఏడుకొండలుకు తెలివి రాలేదు. కూలీలను తీసుకుని ట్రాక్టరు వస్తోందని తెలిసి, కోటేశ్వరమ్మ ఊరికి వచ్చి గుమ్మంలో నిలబడింది. దిగుతున్నవాళ్లను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ఒకరి తలకు కట్టు. ఒకరి చేతికి కట్టు. చివరికి సునంద కుంటుతూ దిగింది. ఎనిమిది. పొద్దున వెళ్లింది తొమ్మిది మంది. తొమ్మిదో వేలు మడవకుండా ఆవిడ అలాగే నిలబడిపోయింది.

నీతి: ఒకరికి రాసిన మందు ఇంకొకరికి ఇవ్వకూడదు, మనసు మంచిదైనంత మాత్రాన మందు మంచి చేయదు.