చెంగమ్మ ఆకుకొచ్చిన పేరు

నల్లరాతి కొండ అడవిలో చదువుకున్న జంతువులన్నీ తాము కనిపెట్టిన సంగతుల్ని టేకాకుల మీద గీరి, కొండ కింద ఉన్న పలక బండకు అతికించేవి. ఎవరి ఆకును ఎంతమంది తమ ఆకుల్లో ప్రస్తావించారో కాకి కనకయ్య లెక్కపెట్టేవాడు. లెక్క తగ్గినవాళ్లు కొండ దిగిపోవాల్సిందే.

ఉడుత చెంగమ్మకు ఒకటే ధ్యాస. తలకాయలో జ్ఞాపకం ఎలా నిలుస్తుంది, ఎలా చెరిగిపోతుంది? ఎలుకలు దాచుకున్న గింజల్లో ఎన్నింటిని మళ్లీ వెతికి పట్టుకుంటాయో ఆరేళ్లుగా ఓపిగ్గా చూస్తోంది. ఇన్నేళ్లకూ ఆమె అతికించినవి రెండే ఆకులు. వాటిని ప్రస్తావించింది ముగ్గురు. అందులో ఒకరు ఆమె మేనత్త.

"వానలు పడేలోగా పాతిక ప్రస్తావనలు రాకపోతే నీ తొర్ర ఇంకొకరికి ఇచ్చేస్తారమ్మా. నా చేతిలో ఏం లేదు," అన్నాడు కనకయ్య.

ఆ దిగుల్లో ఉండగా నక్క జంబులయ్య వచ్చాడు. ఆయన పేరు మీద నూటపది ఆకులున్నాయి. ఒక్కటీ ఆయన గీరింది కాదు.

"ఏం చూస్తున్నావమ్మా ఇప్పుడు?"

"మసకతీగ పండ్లు, బాబాయ్. అవి తిన్న మూడు ఎలుకలు దాచిన గింజల్ని ఇట్టే తీసేశాయి. జ్ఞాపకశక్తి పెరుగుతుందేమో అనిపిస్తోంది. ఇంకో ఇరవై ఎలుకల్ని చూస్తేగానీ చెప్పలేను."

"ఇరవైని చూసేసరికి నీ తొర్రలో తొండ కాపురం పెడుతుంది. ఆ 'అనిపిస్తోంది' తీసెయ్. 'పెరుగుతుంది' అని రాయి. కింద నా పేరు కూడా పెట్టు. మావాళ్లు నలభైమంది రేపే ప్రస్తావిస్తారు."

"తప్పైతే?"

"తప్పైతే ఇంకో ఆకు రాద్దువు. నీకు ఒక ఆకు పెరుగుతుంది, మంచిదేగా!"

చెంగమ్మ తన తొర్ర గోడలకేసి చూసుకుంది. ఆరేళ్ల పరిశీలనల గుర్తులు వాటినిండా ఉన్నాయి. చివరికి 'పెరుగుతుంది' అనే రాసి, కింద జంబులయ్య పేరు కూడా గీరింది.

నెల తిరిగేసరికి నూటయాభై ప్రస్తావనలు! జింకలు, కుందేళ్లు తమ పిల్లల్ని వరసకట్టించి మసకతీగ పండ్లు తినిపించాయి. పెద్దేనుగు చెంగమ్మను బండమీద కూర్చోబెట్టి దండ వేసింది. జంబులయ్య కొండకు పెద్దయ్యాడు.

చెంగమ్మ మనసు మాత్రం కుదుటపడలేదు. మిగిలిన ఇరవై ఎలుకల్నీ చూసింది. మొదటివారం అన్నీ చురుకే. మూడోవారానికి పదిహేడు ఎలుకలు తమ కన్నం ఎక్కడుందో మరిచిపోయాయి. ఒక తల్లి ఎలుక తన పిల్లల్ని చూపించి, "వీళ్లెవరండీ?" అని అడిగింది.

చెంగమ్మ పరుగెత్తుకెళ్లి జంబులయ్య ముందు నిలబడింది.

"ఆ ఆకు పీకేద్దాం బాబాయ్!"

"దానిమీద నిలబడి నూటయాభై ఆకులున్నాయి. అది లాగితే అందరి లెక్కా కూలుతుంది. ఎవరు ఒప్పుకుంటారు?"

"పసిపిల్లలు తింటున్నారు!"

"అయితే ఇంకో ఆకు అతికించుకో. నేనేం అడ్డుపడనే!"

అతికించింది. పది రోజులు బండ దగ్గరే కాచుకుంది.

"సున్నా అమ్మా," అన్నాడు కనకయ్య, ఆమె ముఖంలోకి చూడలేక. "పాతదానికి మాత్రం ఇవాళ ఇంకో ఆరు."

ఇక చేసేదేమీ లేక చెంగమ్మ వెళ్లి మసకతీగ పొదకు అడ్డంగా నిలబడింది. ఒక తల్లి జింక తన పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది.

"పెట్టకమ్మా, నీకు దండం పెడతాను. వాడు నిన్నే మరిచిపోతాడు."

"నీకెవరు చెప్పారు?"

"నా కళ్లతో చూశాను."

"నువ్వెవరో నాకు తెలీదుగానీ, చెంగమ్మగారి ఆకు చదవలేదా? రెండొందలమంది ప్రస్తావించారు. నీ మాటను ఎంతమంది ప్రస్తావించారేం?"

"ఆ చెంగమ్మను నేనే!"

జింక ఆమెను కిందనుంచి పైదాకా చూసి జాలిపడింది. "అంత పెద్దావిడ ఇలా పొదల్లో నిలబడి ఏడుస్తుందా తల్లీ? పక్కకు జరుగు."

జింకపిల్ల పండు కొరికింది. పెదవులమీద రసం కారుతుంటే వాడి కళ్లు ఎంతో చురుగ్గా మెరిశాయి. తల్లి మురిసిపోయి ఇంకో పండు కోసింది.

తొందరపడి రాసిన మాటకు పేరొచ్చిందంటే, దాన్ని వెనక్కి పిలవడం రాసినవాళ్ల తరం కూడా కాదు.