యాభయ్యో కుర్చీ

ఇందులో ప్రతి మాటా నిజం. కాదని ఎవరైనా నిరూపిస్తే నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ పీకి వాళ్ళ చేతిలో పెడతాను.

సామర్లకోటలో పేరిందేవమ్మగారని హరికథలు చెప్పే భాగవతారిణి ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఇక్కడ రాగం ఎత్తుకుంటే, అక్కడ పిఠాపురం స్టేషన్లో ఆగిన రైలు పచ్చజెండా ఊపినా కదిలేది కాదు. అంతటి మనిషికి ఒక అలవాటు. శిష్యులు ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేది కాదు. "సరేలే, ముందు ఆ చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యి" అనేది. తీయడం పూర్తయ్యేలోగా జవాబే ఎక్కణ్ణించో నడిచొచ్చి గుమ్మంలో నిలబడేది. నలభై ఏళ్ళలో ఆ ఇంట్లో ఈనెలు తీసిన చిక్కుడుకాయలు పోగేస్తే గోదావరికి రెండు పక్కలా గట్టు కట్టొచ్చు.

ఆవిడ ఆఖరి శిష్యురాలు కుసుమ. ఇరవై రెండేళ్ళ పిల్ల. గొంతులో ఏ లోపమూ లేదు, ఉన్నదల్లా గుండెలోనే. నలుగురి ముందు నిలబడితే చాలు, ఒణుకు. ఆ ఒణుక్కి కాళ్ళ గజ్జెలు వాటంతటవే మోగి, మృదంగం ఆయన కంటే ముందే తాళం ఊరు దాటిపోయేది.

ఆ పిల్ల ఫోన్లో శ్రుతి పెట్టుకుని సాధన చేసేది. అదే ఫోన్లో ఒక ఆట కూడా ఉండేది, పేరు 'వెలుగుల వీధి'. అందులో ఒక బొమ్మ పిల్ల. దానికి చీర కట్టాలి, జడ వెయ్యాలి, ఫొటోలు తీయించాలి, విందులకి తిప్పాలి, మొత్తమ్మీద పెద్ద తారని చెయ్యాలి. ఊరికే ఆడుకోవచ్చు, పైసా అడగదు. పొద్దు మాత్రం అడుగుతుంది. నాలుగు ఫొటోలకే బొమ్మ అలిసిపోతుంది, ఓపిక వచ్చేదాకా కాచుకోవాలి. ఓపిక రాగానే ఫోను కుయ్యిమంటుంది. ఆ కుయ్యిని అపస్వరం అనుకుని పేరిందేవమ్మ ఎన్నిసార్లు ఆ పిల్ల నెత్తిన మొట్టిందో లెక్క లేదు. కుసుమ ఆరునెలలు అలా కాచుకుంది. బొటనవేలు ఎంత అరిగిందంటే, రేషన్ షాపులో వేలిముద్రల మిషను ఆ పిల్లని మనిషని ఒప్పుకోవడం మానేసింది.

ఎంత అరిగితేనేం, ఆ బొమ్మకిప్పుడు ఎనభై రెండు లక్షలమంది అభిమానులు.

కాలనీ హాల్లో కుసుమ కథ చెప్పాల్సిన రోజు. పొద్దున్నే గురువుగారి వంటింటి గడపలో కూర్చుని, ఎన్నాళ్ళుగానో దిగమింగుకుంటున్న ప్రశ్న అడిగేసింది.

"అమ్మగారూ, ఈ ఆటలో నేను వేలు ఆనిస్తే చాలు, వేలమంది చప్పట్లు కొడతారు. మీ దగ్గర ఐదేళ్ళు నేర్చుకున్నాను. కిందటిసారి నా కథకి పదకొండుమంది వచ్చారు, అందులో నలుగురు ప్రసాదం కోసం. ఆట అబద్ధమని నాకూ తెలుసండి. అయినా అక్కడ హాయిగా ఉంటుంది, ఇక్కడ భయమేస్తుంది. నన్ను ఏది వదిలెయ్యమంటారు?"

పేరిందేవమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోను అందుకుంది. బొమ్మని కిందికీ పైకీ చూసింది. దాని నడుము చిటికెనవేలంత.

"దీనికి అన్నం ఎవరు పెడుతున్నారే?"

"అది తినదండి."

"పాపం," అందావిడ, నిజంగానే బాధపడుతూ. ఫోను తిరిగి ఇచ్చేసింది. "సాయంత్రం కథ చెప్పు, తర్వాత మాట్లాడుకుందాం. ఈలోగా చిక్కుడుకాయలు ఆ చేటలో ఉన్నాయి."

ఈనెలు తీస్తూనే కుసుమ నిశ్చయించుకుంది. ఇదే ఆఖరి కథ. మంగళం పాడేశాక చిరుతలు అమ్మగారి చేతిలో పెట్టెయ్యాలి. కథ చెబుతూ చేత్తో ఆడించే ఆ కొయ్య చిరుతలు పేరిందేవమ్మకి ఆవిడ గురువు ఇచ్చినవి. ఆవిడ కుసుమకి ఇచ్చింది. వాటిని తిరిగి ఇచ్చెయ్యడమంటే పాటకి దణ్ణం పెట్టెయ్యడమే.

సాయంత్రం నాలుగింటికి హాల్లో యాభై కుర్చీలు వేశారు. సరిగ్గా అదే వేళకి మెయిన్ రోడ్డులో ఒక చీరల షాపు తెరవడానికి టీవీ సీరియల్లో వేసే అమ్మాయి వస్తోంది. ఊరు ఊరంతా, గేదెలతో సహా, అటే పోయింది. వేదిక మీద మృదంగం ఆయనా, వయొలిన్ ఆయనా. పక్కగదిలో ప్రసాదానికి పులిహోర కలుపుతూ పేరిందేవమ్మ. కింద యాభై కుర్చీల్లోనూ ఉన్నది ఒక్కడే, టెంట్ హౌస్ గవర్రాజు. కుర్చీలు తెచ్చి వేసినవాడూ అతనే, తీసుకెళ్ళాల్సినవాడూ అతనే గనక వేరే దారి లేక కూర్చున్నాడు.

హరికథ మొదట్లో చెప్పేవాళ్ళు "గోవిందో" అంటే వినేవాళ్ళు "హారి" అనాలి. కుసుమ "గోవిందో" అంది. గవర్రాజు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. బాధ్యతంతా తనదేనని తెలుసుకుని, యాభైమంది గొంతూ తనే పెట్టి "హారి" అన్నాడు. హాలు కప్పు మీది పావురాలు లేచిపోయి కాకినాడలో గానీ వాలలేదు.

ఆ రోజు కథ రుక్మిణీ కల్యాణం. రుక్మిణి కృష్ణుడికి సందేశం పంపే ఘట్టానికి వచ్చేసరికి గవర్రాజు తల వాలిపోయింది. తెల్లారినప్పట్నించీ కుర్చీలు మోసిన ఒళ్ళు మరి. వినేవాళ్ళు కునికితే అసలు కథ పక్కనపెట్టి ఒక పిట్టకథ వెయ్యడం హరికథలో వాడుక. పేరిందేవమ్మ ముప్ఫై నేర్పింది. అన్నీ జనం నవ్వడానికి అల్లినవే. నవ్వే జనం లేకపోయేసరికి కుసుమకి ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆర్నెల్లుగా ఆ తలలో కాపరముంటున్నది ఒకే వీధి. నోరు తెరిస్తే అదే వచ్చింది.

"వెలుగుల వీధిలో ఒక పిల్ల ఉండేదయ్యా. ఎనభై రెండు లక్షలమంది ఆ పిల్లకి చప్పట్లు కొట్టేవాళ్ళు. భోంచేశావా అని మాత్రం ఒక్కరూ అడగలేదు."

గవర్రాజు ఒక కన్ను తెరిచాడు.

"ఒకనాడు ఆ పిల్ల నగలన్నీ తీసేసి, ముఖం కడుక్కుని, ఇంతమందిలో ఒక్కరినైనా చూసి రావాలని బయల్దేరింది. వీధి పొడుగునా ఇళ్ళు. ప్రతి ఇంటికీ తలుపు, తలుపుకి గొళ్ళెం, పైన మామిడాకులు. మొదటి తలుపు తట్టింది. చేతికి చల్లగా గోడ తగిలింది. రెండోదీ గోడే. మూడోదీ గోడే. ఆ వీధిలో తలుపులన్నీ గోడ మీద రంగేనయ్యా."

చెబుతూ చెబుతూ కుసుమే ఉలిక్కిపడింది. ఆర్నెల్లుగా రోజూ ఆ తలుపుల ముందు నుంచే బొమ్మని నడిపించింది. ఒక్కటి కూడా తెరుచుకోలేదన్న సంగతి ఇప్పుడే తట్టింది. మృదంగం ఆయన ఆ తలుపు చప్పుళ్ళు వేళ్ళతో పలికిస్తున్నాడు. గవర్రాజు కుర్చీ అంచుకి జరిగాడు. ఒణుకు ఎప్పుడు ఆగిపోయిందో కుసుమ చూసుకోలేదు.

"ఆఖరి ఇల్లు మిగిలింది. ఆ పిల్ల తలుపు తట్టింది. లోపల ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది."

అంతలో గవర్రాజు ఫోను మోగింది. అవతల టెంట్ హౌస్ ఓనరు. చీరల షాపు దగ్గర జనం విరగబడ్డారు, కుర్చీలు చాల్లేదు, ఉన్నవన్నీ వెంటనే పట్రమ్మని. గవర్రాజు "ఆయ్, ఆయ్" అంటూనే లేచాడు.

"అమ్మాయిగారండీ, కొంచెం ఆపండేం. ఇవి బండిలో పెట్టొచ్చేస్తాను."

కుసుమ ఆపింది. అతను పది కుర్చీలు దొంతి పెట్టి మోసుకెళ్ళి, రొప్పుతూ తిరిగొచ్చాడు. వచ్చాక తలుపు దగ్గర అడుగుల చప్పుడైందని చెప్పింది. అతను ఇంకో దొంతి ఎత్తాడు. ఆపింది. వచ్చాక గొళ్ళెం కదిలిందంది. హరికథ పుట్టినప్పట్నించీ వినేవాడు కుర్చీలు మోస్తుంటే చెప్పేవాళ్ళు కాచుకున్న కథ అదొక్కటే. చివరికి బండి హారను ఆగకుండా మోగడం మొదలెట్టింది. గవర్రాజు గుమ్మంలో నిలబడిపోయాడు.

"తలుపెవరు తీసేరండీ?" అన్నాడు.

కుసుమ నోరు తెరిచింది. మాట వచ్చేలోగా హారను అతన్ని లాక్కుపోయింది. వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు. ఆ చూపులో పడి తను కూర్చున్న కుర్చీ ఎత్తడం మరిచిపోయాడు. ఖాళీ హాలు మధ్య అదొక్కటే మిగిలింది.

కుసుమ ఆ కుర్చీకి రుక్మిణి పెళ్ళి చేసి చూపించి, మంగళం పాడి, చిరుతలు పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళింది. సంచిలో ఫోను ఈలోగా పదకొండుసార్లు కుయ్యిమందట. వయొలిన్ ఆయన చెబితే గానీ తెలియలేదు.

"ఉన్న ఒక్కడూ మధ్యలో వెళ్ళిపోయాడండి," అంటూ చిరుతలు చాపింది.

"చేతులకి పులిహోర, ఉండవే," అంది పేరిందేవమ్మ. చిరుతలు అందుకోలేదు. "ఆ పిట్టకథ నేను నేర్పింది కాదు."

"కాదండి. అప్పటికప్పుడు వచ్చేసింది."

"అయితే మిగతాది ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్పలేరు." పులిహోర విస్తరాకులో పొట్లం కడుతూ, తలుపులోంచి కుర్చీని చూసింది. "ఒకటి తగ్గితే ఓనరు వాణ్ణి తిట్టిపోస్తాడు. గవర్రాజు ఇల్లు రైల్వే గేటు అవతలే. కుర్చీలు దింపేసి టీకి ఇంటికే వెళ్తాడు. ఇది ఇచ్చి, పొట్లం ఇచ్చి, కథ పూర్తి చేసి రా. వాళ్ళ పెరట్లో కరివేపాకు బావుంటుంది, రెండు రెబ్బలు అడిగి తెచ్చిపెట్టు."

కుసుమ చేతిలో చిరుతలు అలాగే ఉన్నాయి. "మరి పొద్దున్న అడిగానండి. ఆట వదిలెయ్యమంటారా?"

"ఆ పిల్లని గుమ్మంలో నిలబెట్టేసి ఎలా వదుల్తావు?"

కుసుమ చిరుతలు బొడ్డున దోపుకుంది, పొట్లం అందుకుంది. గడప దాకా వెళ్ళి ఆగింది.

"అమ్మగారూ, తలుపు ఎవరు తీశారో నాకూ తెలియదండి."

పేరిందేవమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. కుర్చీ తిరగేసి ఆ పిల్ల నెత్తిన పెట్టి, జారకుండా సరిచేసింది.

"ముందు వెళ్ళి తట్టవే," అంది.