మాటకో రాయి

అనగా అనగా, గెడ్డలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక గెడ్డ ఒడ్డున బొబ్బర్లపేట అని ఒక పేట. పేటలో నూరు గడపలు. నూరు గడపలకు నూటయాభై సలహాలు. గెడ్డ మీద వంతెన మాత్రం లేదు.

ఆ పేటలో నూకాలు అని ఒక ముసలిది. తట్టలో ఉప్పు పెట్టుకుని గెడ్డ దాటి, అవతలి ఊళ్లలో అమ్మి, వచ్చిన గింజలతో గంజి కాచుకునేది. వానాకాలంలో గెడ్డ నడుముదాకా వచ్చేది. కాలు జారితే ఉప్పు నీటిపాలు, నూకాలు పస్తు.

"చేపలకు ఉప్పేసి పెంచుతున్నావే నూకాలూ" అని గట్టు మీద కూర్చున్నవాళ్లు నవ్వేవారు. గట్టు మీద కూర్చోవడం ఆ పేటలో గౌరవమైన వృత్తి.

వంతెన కోసం పేట మూడుసార్లు చందా వేసింది. మొదటి చందా శంకుస్థాపన పందిరికి సరిపోయింది. రెండో చందా ముహూర్తం భోజనాలకు సరిపోయింది. అరిసెలు బాగా కుదిరాయని అందరూ ఒప్పుకున్నారు. మూడో చందాతో దాతల పేర్లు చెక్కించిన ఆరడుగుల బండ వచ్చింది. ఎవరి పేరు పైనుండాలని తగాదా. బండ గట్టునే పడి ఉంది.

ఆ ఏడు నూకాలు తట్ట మూడుసార్లు కరిగింది. మూడోసారి తడిబట్టలతోనే సభకు వెళ్లింది. పేట పెద్ద చిట్టినాయుడు నాలుగో చందా గురించి మాట్లాడుతున్నాడు. ఆయన మొదలుపెట్టాక పాలు తోడేసి వెళ్లి, పెరుగయ్యాక వచ్చినా ఇంకా అదే మాట మీద ఉంటాడు.

"వంతెన ఎప్పుడు కడతారు బాబూ?" అంది నూకాలు.

"అంత తొందరైతే నువ్వే కట్టవే."

సభంతా నవ్వింది. నూకాలు నవ్వలేదు.

"కడతాను బాబూ. చందా వద్దు. సభలో నోరు విప్పినవాళ్లు మాటకో రాయి తెచ్చి గట్టు మీద వెయ్యాలి. రాయి తేనివాళ్లు సోలెడు గింజలివ్వాలి, రాతిపనివాళ్ల కూలికి. ఒప్పుకుంటారా?"

"ఓస్, ఒప్పుకున్నాం" అన్నాడు నాయుడు.

"అదొక రాయి బాబూ."

"ఇదెక్కడి అన్యాయం?" అన్నాడు కరణం గవర్రాజు.

"అదొకటి."

"కరణంగారు చెప్పింది నిజమే" అన్నారు వెనకనుంచి నలుగురు.

"నాలుగు."

నోరు మూసుకుంటే రాళ్లు మొయ్యక్కర్లేదని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరివల్లా కాలేదు. ఇసుకా సున్నమా అన్న వాదనలో మొదటి స్తంభం లేచింది. ఆ వాదన ఎవరు మొదలుపెట్టారన్న వాదనలో రెండోది లేచింది. మూడోది నాయుడుగారు ఒక్కరే, రెండు బళ్లతో తోలించారు. గింజలు నూకాలు తన ఉప్పు సోలతో అందరి ముందూ కొలిచి, అందరి ముందే కూలివాళ్లకు పోసేది. ఆమె మాత్రం అందులో గింజ ముట్టకుండా ఉప్పు తట్టే నెత్తిన పెట్టుకునేది.

చివరికి స్తంభాల మీద బండలు పరుస్తుంటే నడిమి ఖాళీకి ఒక్క బండ తక్కువైంది. ఆకాశం నల్లబడింది. అప్పటికి పేటకు బుద్ధొచ్చింది. ఎవరూ నోరు విప్పడం లేదు.

నూకాలు గట్టు మీద పడి ఉన్న దాతల బండ వంక చూసింది. "దాన్ని ఎత్తండి నాయనా. పేర్లు కిందికి పెట్టండి."

నాయుడు నోరు తెరిచాడు. గట్టు వంక చూశాడు. ఒక్క రాయి మిగల్లేదు. ఇంట్లో గాదె గుర్తొచ్చింది. అందులో గింజ మిగల్లేదు. నోరు మూసుకున్నాడు. గవర్రాజు మూసిన నోటి మీద చెయ్యి కూడా పెట్టుకున్నాడు.

బండ సరిగ్గా సరిపోయింది.

ఆ వారమే వాన దంచికొట్టింది. గెడ్డ నడుముదాకా వచ్చింది, మెడదాకా వచ్చింది, స్తంభాల తలలకు జానెడు కిందిదాకా వచ్చి ఆగింది. నూకాలు తట్ట నెత్తిన పెట్టుకుని పైనుంచి నడిచి వెళ్లింది. అవతలి గట్టున తట్ట దించి, చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది. ఉప్పు పొడిగానే ఉంది. ఇవతల పేటంతా నిలబడి, ఒక్క మాట లేకుండా చూసింది.

కొన్నేళ్లకు నూకాలు పోయింది. ఆమె గురించి చెప్పడానికి నాయుడు లేచాడు. పొద్దుపోయేదాకా లేవడం కుదరదని అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆయన పంచె మడతలోంచి ఒక రాయి తీసి ముందు పెట్టాడు.

"దాటించింది" అని కూర్చున్నాడు.

ఇప్పటికీ బొబ్బర్లపేటలో సభంటే చేతిలో రాయితో వస్తారు. ఎవరైనా మరీ సాగదీస్తే పిల్లలు కూడా "రాయి తెచ్చావా మావా?" అంటారు. తొలివాన పడ్డ రోజున వంతెన నడిమి బండ మీద చిటికెడు ఉప్పు వేస్తారు. దాని కింద ఎవరి పేర్లున్నాయో ఎవరికీ తెలియదు. పైన నడిచేవాళ్లంతా దాన్ని నూకాలు బండ అనే అంటారు.