పీట ఉచితం

అనగనగా, మృగాలన్నీ మాట నేర్చిన కాలంలో ఓ కొండ అడవి. ఆ అడవికి సింహం రాజు. కొండ మీద వైద్యం నేర్పే బడి ఒకటి ఉండేది. "నా బడిలో పీట ఉచితం. తెలివి ఉంటే చాలు!" అని రాజు అడవంతా చాటింపు వేయించాడు.

కొండ కింద సింగి అనే గాడిద, తన కూతురు చుక్కితో బతుకుతోంది. ఏటా వానాకాలంలో విషజ్వరం వచ్చి మందలకు మందల్నే ఎత్తుకుపోయేది. చుక్కి తండ్రి పోయిందీ ఆ జ్వరంతోనే.

"నేను వైద్యం నేర్చుకుని దాన్ని తరిమేస్తానమ్మా" అనేది చుక్కి.

"గాడిదకు వైద్యమట! ముందు ఓండ్ర పెట్టడం మానమనండి!" అని కోతులు ఇకిలించేవి.

నవ్వితే నవ్వనీ అనుకుంది చుక్కి. చెట్టు చెట్టునూ వాసన చూసి గుర్తుపెట్టుకుంది. పీట కోసం బడిలో పెట్టిన పోటీ నాడు ఏనుగు గురువు ఎదురుగా ఆకులు పోస్తే, కళ్ళు మూసుకుని ఒక్కొక్కదాని పేరూ చెప్పింది. తోడేలు కొడుకు తులసికీ తుమ్మకీ తేడా చెప్పలేక తడబడ్డాడు. పీట చుక్కికే దక్కింది.

సింగి ఆనందం పట్టలేక అడవంతా బెల్లం పంచింది. "మా చుక్కికి పీటొచ్చింది! ఇక వైద్యురాలైపోయినట్టే!" అని కనబడ్డ కుందేలుకల్లా చెప్పింది. పీట వస్తే చదువొచ్చినట్టే అనుకుంది, పిచ్చితల్లి.

మర్నాడు పీట వీపున పెట్టుకుని కూతురితో కొండెక్కింది. మొదటి గుమ్మంలో గుమస్తా నక్క నిలబడి ఉంది.

"పీట వచ్చిందటగా సింగక్కా, సంతోషం. మరి నేల మాటేమిటి?"

"నేలేమిటి అయ్యగారూ?"

"పీట ఉచితమే. అది వేసుకునే నేలకు రుసుము. గాల్లో కూర్చుంటుందా నీ పిల్ల?"

సింగి గతుక్కుమంది. అందరికీ బెల్లం పంచి, ఇప్పుడు ఏ మొహంతో వెనక్కి పోవడం? తాను మేసే పచ్చిక బీడు రాసిచ్చేసింది.

రెండో గుమ్మంలోకీ నక్కే పక్కదారిన వచ్చి నిలబడింది. "నేల అయింది. నెత్తిన నీడో? ఎండకు పిల్ల మాడిపోదూ?"

సింగి తాను నీళ్ళు తాగే చెలమ ఇచ్చేసింది.

మూడో గుమ్మం. "నేలా నీడా సరే. గురువుగారి మాట చెవిన పడొద్దూ? మాటకు వేరే."

"ఇంకేం మిగిలిందయ్యా నా దగ్గర?"

"వీపుందిగా! కొత్త గదులు కడుతున్నాం. బతికినన్నాళ్ళూ రాళ్ళు మోయి."

సింగి సరేనని తల వంచబోయింది. చుక్కి అడ్డం నిలబడింది.

"వద్దమ్మా. నీ వీపు మీద పీట వేసుకుని నేను చదవలేను."

"నోరు ముయ్యవే! నలుగురిలో తలెత్తుకునేదెలా?" అని ఏడ్చింది తల్లి.

చుక్కి తిన్నగా రాజు దగ్గరకే పోయింది. "మహారాజా, పీట ఉచితమన్నారు."

"ఇవ్వలేదా?"

"ఇచ్చారు."

"మరింకేం? నేను మాట తప్పానా?" అంటూ సింహం ఆవులించింది.

తల్లీకూతుళ్ళు వెనుదిరిగారు. గుమ్మం దగ్గర బీడూ చెలమా తిరిగి ఇమ్మంటే, నక్క గోడ మీది రాత చూపించింది: 'కట్టిన రుసుము తిరిగి ఇవ్వబడదు.' చుక్కి వదిలిన చోట తోడేలు కొడుకు కూర్చున్నాడు. వాళ్ళ నాన్న మూడు గుమ్మాల రుసుమూ ముందే కట్టేశాడు.

కొన్నేళ్ళకు తోడేలు కొడుకు రాజవైద్యుడయ్యాడు. ఆ ఏడూ వానలతో పాటు జ్వరమూ వచ్చింది. రాజవైద్యుడు ఆకులు ముందు పోసుకుని తెల్లమొహం వేశాడు.

సింగి కూడా జ్వరంతో కూలబడింది. "ఏదో ఒకటి నూరవే తల్లీ" అంది మూలుగుతూ.

చుక్కికి ప్రతి ఆకూ తెలుసు. ఏ ఆకును ఏ పసరుతో కలపాలో ఎవరు చెప్పారు గనక?

"ఏది నూరాలో తెలియదమ్మా" అంది. తల్లి చూపు ఆగిపోయింది. ఆ వారమే రాజుగారి బిడ్డ కూడా పోయింది. ఎవరికి నేర్పారో వాడికి రాలేదు. ఎవరికి వచ్చేదో దానికి నేర్పలేదు.

పిల్లలూ, పెద్దలూ, వినండి: గెలిచిన బిడ్డను గుమ్మంలో ఆపిన రాజ్యం, తన ప్రాణం నిలిపే మందును తన చేత్తోనే పారబోసుకుంటుంది.